కొండ కింది ఊరికి నేను వేసిన మార్కులు

పదకొండేళ్ళు నేను పిల్లల పేపర్లు దిద్దాను. నంద్యాలలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా నాయన మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. చదువు చెప్పడం తప్ప మా ఇంట్లో ఎవరికీ వేరే పని రాదు. పిల్లలు తగ్గిపోయి ఒక వేసవిలో ఆ స్కూలు మూసేశారు. రెండు నెలలు ఇంట్లో కూర్చున్నాక, చర్చిలో నా పక్కన నిలబడి పాటలు పాడే ఒకామె చెప్పింది, ఎవరో ఒక సంస్థవాళ్ళు సర్వేకి మనుషుల్ని తీసుకుంటున్నారని. వెళ్ళి పేరిచ్చాను.

నల్లమల అంచున, కాలువ నీళ్ళు అందని పల్లెల్లో, వానల తీరు మారుతున్న కొద్దీ ఏ రైతు కుటుంబాలు ముందుగా దెబ్బతింటాయో తేల్చడం ఆ సర్వే పని. ఒక కల్యాణమండపం మేడ మీద మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన సారు బోర్డు మీద 'దుర్బలత్వ సూచిక' అని పెద్ద అక్షరాలతో రాశాడు. మంచి మనిషి, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. ఇల్లు పక్కాదా, నీటి వసతి ఉందా, తారు రోడ్డు ఎంత దూరం, ఇంట్లో ఎంతమంది చదువుకున్నారు, సేద్యం కాకుండా వేరే రాబడి ఉందా, ఇలాంటి ప్రశ్నలన్నీ ట్యాబులో ఉంటాయి. నొక్కుకుంటూ పోతే చివర్లో అదే మార్కులు వేసి రంగు చూపిస్తుంది. ఎరుపొస్తే ఆ ఇంటికి ముందు సాయం అందాలి. పసుపొస్తే తర్వాత చూస్తారు. ఆకుపచ్చ వస్తే వాళ్ళు తట్టుకోగలరని అర్థం. నాకు ఆ పద్ధతి నచ్చింది. స్కూల్లో వ్యాసరూప ప్రశ్నలకు మార్కులు వేసేటప్పుడు ఎంత తర్జనభర్జన పడేదాన్నో గుర్తొచ్చి, ఇక్కడ ఆ బాధ లేదనుకున్నాను.

మమ్మల్ని ఊళ్ళకు తిప్పడానికి శిరివెళ్ల నుంచి ఒక ఆటో అన్నను మాట్లాడారు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దవాడు, అయినా నన్ను అక్కా అనే పిలిచేవాడు. మొదటిరోజే అడిగాడు.

"దుర్బలత్వం అంటే ఏందీ అక్కా?"

"కష్టమొస్తే ఎవరు ముందు పడిపోతారో చూసేది."

"దానికి ఆ పలక ఎందుకు? మొగం జూస్తే తెల్దా?"

నేను నవ్వాను.

ఆళ్లగడ్డ దాటి తూర్పుకు తిరిగితే కాసేపటికే నేల మారిపోతుంది. నల్లరేగడి, కాలువ కింది వరి మళ్ళు వెనకబడతాయి. ఎర్రనేల, రాళ్ళు, అక్కడక్కడా ఆముదం, ఎదురుగా కొండ. ఆ దారిలో చివరి ఊరు నాకు వచ్చింది. ఊరి పేరు రాయను. నలభై పైచిలుకు ఇళ్ళుంటాయి. ఊరి వెనక నుంచి ఒక చిన్న వాగు, వాళ్ళు వంక అంటారు, కొండ దిగి వస్తుంది. మేం వెళ్ళింది జూలైలో. అప్పటికి విత్తడానికి సరిపడే ఒక్క పదను వాన కూడా పడలేదట. విత్తనాలు మూటలు కట్టుకుని ఊరంతా ఆకాశం వైపు చూస్తూ ఉంది.

మూడోరోజు నేను వెళ్ళిన ఇల్లు ఊరి చివర, వంక పక్కన ఉంది. ఇద్దరే ఉంటారు. ఆయనకు అరవై దాటి ఉంటాయి, సన్నగా, మాటకు మాట తెంచినట్టు మాట్లాడతాడు. ఆమె ఊరి బడిలో పిల్లలకు వంట చేస్తుంది. పిల్లలు కలగలేదు. నాలుగెకరాల చేను, ఒక జత ఎద్దులు, ప్రభుత్వం కట్టించిన ఒక గది స్లాబు ఇల్లు. ఆయన అరుగు మీద విత్తే గొర్రుకు తాళ్ళు బిగించుకుంటూ, నా వైపు చూడకుండానే జవాబులు చెప్పాడు.

"ఇల్లు పక్కాదే కదా పెద్దాయనా?"

"స్లాబేసినారు. వానొస్తే కారుతాది."

పక్కా అని నొక్కాను.

"చేనికి నీటి వసతి?"

"మోడం" అని పైకి, మబ్బుల వైపు గడ్డం ఎత్తాడు.

"బోరు ఉందా?"

"ఉండాది. మూడేండ్లాయె, గాలి తప్ప ఏం రాదు దాంట్లో."

ట్యాబులో రెండే ఉన్నాయి. అవును, లేదు. సారుకు ఫోన్ చేద్దామంటే ఊళ్ళో సిగ్నల్ లేదు. బడి వెనకాల బండరాయి ఎక్కితే దొరుకుతుందని ఆమె చూపించింది. ఎక్కి నిలబడి చేశాను.

"బోరు ఆస్తి కింద లెక్కమ్మా. ఉందంటే ఉందని పెట్టండి" అన్నాడు సారు.

"నీళ్ళు రావట్లేదు సార్."

"అది వేరే ప్రశ్న. ఈ విడతలో తీసేశాం. ప్రశ్నలు ఎక్కువైతే ఇంటింటికీ గంట పడుతోంది."

దిగివచ్చి, అవును అని నొక్కాను. తర్వాత ఆమెను అడిగాను, బడిలో వంటకు నెల నెలా డబ్బులు వస్తాయా అని. "వస్తాయి పాపా, వచ్చినప్పుడు" అంది. సేద్యం కాని స్థిర రాబడి, అవును.

ఇక వాన గురించిన ప్రశ్న వచ్చింది. గత పదేళ్ళలో మీ ఊళ్ళో వర్షం పెరిగిందా, తగ్గిందా, మార్పు లేదా. ఆయన జవాబు చెప్పకుండా భార్య వైపు తల తిప్పాడు. ఆమె చేతులు తుడుచుకుని నన్ను ఇంటి వెనక్కి రమ్మంది. వంక ఒడ్డున నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. "నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వంకలో దీపాళి దాటినాక కూడా బట్టలుతికేవాళ్ళం" అంది. కొండమీద ఒక ఊట ఉండేదట. నడివేసవిలో కూడా అందులో కుండ మునిగేదట. కొండమీద మంటలు లేచి చెట్లు కాలిపోయాక, అది మొదట చిన్న చెలమయింది, తర్వాత తడిమట్టి అయింది, ఇప్పుడు అది ఎక్కడుండేదో తనకే సరిగ్గా గుర్తుపట్టడం రావట్లేదట.

"వాన తగ్గలే పాపా. ఏడాదికి పడేది పడతాంది. పడే తీరు పోయింది. ముందు ఆరుద్ర కార్తెలో ఇత్తేవాళ్ళం, పుబ్బ దాకా వారానికొక తూరి నింపాదిగా తడిపేది. ఇప్పుడు మఖ దాకా మోడమే ఉండదు. ఆ పైన ఒక్క పొద్దులో అంతా కుమ్మరిస్తాది. వంక తోసుకొచ్చాది, మర్నాటికి ఇసక."

పదకొండేళ్ళలో ఇంత బాగా జవాబు చెప్పిన విద్యార్థి నాకు దొరకలేదు. కానీ ఆ జవాబు పెట్టడానికి చోటు లేదు. పెరిగిందని అనలేను. తగ్గలేదని ఆమే చెప్పింది. మిగిలింది ఒకటే. మార్పు లేదు అని నొక్కాను. నొక్కేటప్పుడు నా వేలు ఒక క్షణం ఆగింది. ఆగిందన్న మాట రాసుకుని ఇప్పుడు నన్ను నేను సమర్థించుకోవడం లేదు. ఆగి, నొక్కాను.

ఆకుపచ్చ వచ్చింది. ఆమె నా భుజం మీదుగా తొంగిచూసింది.

"పచ్చంటే మంచిదేనా?"

"ఊఁ" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. లోపలికి పోయి జొన్నరొట్టె, శెనక్కాయల పొడి పెట్టి తెచ్చింది. నేను తింటుండగా పక్కింటామె గోడమీదుగా అడిగితే, "మాకు పచ్చొచ్చింది" అని చెప్పింది. ఆయన గొర్రు మీద నుంచి తలెత్తి మొదటిసారి నా వైపు చూసి, "తినుమ్మా, ఇంకొకటి ఏయించుకో" అన్నాడు. పచ్చ రంగంటే మీకు సాయం రాదని చెప్పడానికి అదే సమయం. నేను చెప్పలేదు. రొట్టె తిని, నీళ్ళు తాగి, తర్వాతి ఇంటికి పోయాను.

ఆ ఊళ్ళో చాలావరకు పచ్చలు, పసుపులే వచ్చాయి. స్లాబు ఇళ్ళు, ఎండిన బోర్లు, ఊరిదాకా వేసిన తారు రోడ్డు, అన్నీ కలిసి ఊరికి మంచి మార్కులు తెచ్చిపెట్టాయి. ఎంపికయ్యే ఊళ్ళ జాబితాలో అది ఉండదని అప్పుడే అర్థమైంది. తిరుగుదారిలో ఆటో అన్నకు ఈ మాట చెప్పాను. శిరివెళ్ల దగ్గర ఒక ట్రాక్టరుకు దారిచ్చి, "ఆ పెద్దమ్మకు తెలుసా?" అని మాత్రం అడిగాడు.

ఆ ఏడాది వాళ్ళు జూలై చివర, పుష్యమి కార్తెలో చిరుజల్లు చూసి కందులు, కొర్రలు విత్తారు. మొలకలు ఎండిపోయాయి. మఖలో మళ్ళీ విత్తారు. ఈసారి పైరు నిలబడింది. అప్పటికి నేను నంద్యాల ఆఫీసులో కూర్చుని ఫారాల్లో తప్పులు సరిచూసే పనిలో ఉన్నాను. ఊరి సంగతులు ఆటో అన్న ఫోన్‌లో చెబుతుండేవాడు. కంది బాగుందంట అక్కా, అని ఒకసారి సంతోషంగా చెప్పాడు.

అక్టోబరు మొదట్లో, హస్తకార్తెలో ఒక మధ్యాహ్నం నంద్యాలలో చినుకు లేదు. ఎండ కాస్తోంది. తూర్పున కొండల మీద మాత్రం నల్లగా కమ్ముకుని ఉంది. సాయంత్రం ఆటో అన్న ఫోన్ చేశాడు.

"అక్కా, కొండకింద ఊర్లో వంక తెగిందంట."

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆటో ఊరిదాకా పోలేదు, రోడ్డు మధ్యలో కోసుకుపోయింది. దిగి నడిచాం. వంక తన దారి వదిలేసి, వాళ్ళ చేనికి అడ్డంగా కొత్త దారి చేసుకుంది. ఎకరం మిట్ట తప్ప మిగతా మూడెకరాలు కనిపించలేదు. కంది లేదు, గట్లు లేవు. మనిషి ఎత్తలేని రాతిగుండ్లు, వాటి మధ్య ఇసుక, వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఏదో అడవిచెట్టు మొద్దు. ఎద్దులు బతికాయి, ఆ సమయానికి మిట్ట మీద మేస్తున్నాయి. బడి వంటపాక కూలిపోయింది.

ఆయన రాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. పైరంతా పోయిందే పెద్దాయనా అన్నాను.

"పైరు పోతే మల్లా ఏసుకుంటాం మ్మా. మా నాయన కాలం నుంచి ఎన్ని తూర్లు పోలే? ఇప్పుడు నేలే పోయింది. నేల యాడ తెచ్చుకోవల్ల?"

వంగి ఒక రాయి తీసి గట్టు ఉండాల్సిన వైపు వేశాడు. మరొకటి తీశాడు. మేం అక్కడున్నంతసేపూ ఆ పని ఆపలేదు.

రెండు వారాల తర్వాత వాళ్ళిద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఆటో అన్నే తీసుకొచ్చాడు. మేం కొన్ని ఊళ్ళలో చేలకు రాతికట్టలు కట్టిస్తున్నామని, విత్తనాలు ఇస్తున్నామని వాళ్ళు విన్నారు. ఆమె ఉతికిన చీర కట్టుకుంది. ముందు బల్ల దగ్గరున్న కుర్రాడు కంప్యూటర్లో చూసి, మీ ఊరు జాబితాలో లేదు, మీ ఇల్లు ఆకుపచ్చలో ఉంది అన్నాడు.

"అవునప్పా, పచ్చే. ఆ పాపే చెప్పింది మంచిదని" అంది ఆమె, నన్ను చూపిస్తూ.

లేచి వాళ్ళను బయట వరండాలోకి తీసుకెళ్ళాను. బెంచీ మీద కూర్చోబెట్టి, మొత్తం చెప్పాను. పచ్చంటే ఏమిటో, ఎండిన బోరును ఉన్న బోరుగా పెట్టింది నేనేనని, వాన మారలేదని నొక్కింది నేనేనని. చెబుతుంటే నా గొంతు నాకే బడిలో పాఠం చెప్పే గొంతులా వినిపించింది, అంత పొడిగా ఉంది.

ఆయన విని, "నువ్వేం జేస్తావ్ లేమ్మా. నీకు ఇచ్చిండేది అది" అన్నాడు.

ఆమె నన్ను చూసింది. తర్వాత లేచి కొంగు సర్దుకుని, ఆటో ఉన్న వైపు నడిచింది. ఆయన తిట్టి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఆమె ఒక్క మాట అని ఉన్నా తట్టుకునేదాన్ని.

ఆ సాయంత్రమే సారుకు ఫోన్ చేశాను. ఆ ఊరి ఫారాలు మళ్ళీ నింపనివ్వమని అడిగాను. డేటా మూసేశారమ్మా, ఇప్పుడు ఒక ఊరిది తెరిస్తే అన్నీ తెరవాలి అన్నాడు. ఆయన గొంతులో కూడా ఇబ్బంది ఉంది. నేను ఒక పొడవాటి నోటుబుక్కు కొన్నాను. నాలుగు ఆదివారాలు, చర్చి అయ్యాక, ఆటో అన్నతో ఆ ఊరికి పోయాను. ఆయన పెట్రోలుకు కూడా ఏమీ తీసుకోలేదు. ఇంటింటికీ తిరిగి, ఫారంలో లేనివన్నీ రాశాను. ఏ బోరు ఏ ఏడు ఎండింది, ఊట ఎక్కడుండేది, ఏ కార్తెలో విత్తేవాళ్ళు, ఇప్పుడు ఏ కార్తె దాకా ఆగుతున్నారు, అడవిపందులు కిందికి దిగడం ఎప్పట్నుంచి ఎక్కువైంది, వేసవిలో తాగే నీళ్ళకు ఎవరు ఎంత దూరం పోతున్నారు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆమె కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. అడిగినవాటికి జవాబు చెప్పింది. పాపా అని మాత్రం పిలవలేదు. మేడం అంది.

ఆ నోటుబుక్కు సారుకు ఇచ్చాను. నా ఎదురుగానే కూర్చుని సగం చదివాడు. "ఇది చాలా బాగుందమ్మా. కానీ దీన్ని మార్కుల్లోకి ఎలా మార్చాలి?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు. నాకూ తెలియలేదు. తర్వాత వచ్చిన రిపోర్టులో ఆ బుక్కు నుంచి రెండు వాక్యాలు ఉన్నాయి, స్థానికుల అభిప్రాయాలు అనే శీర్షిక కింద. నా ఒప్పందం ఆ నెలతో అయిపోయింది. కొనసాగిస్తామన్నారు. నేనే వద్దన్నాను. ఏదో పెద్ద నిర్ణయం తీసుకున్నట్టు ఏమీ కాదు. ఇంకో ఇంటి ముందు ఆ ట్యాబు తెరవడానికి చేతులు రాలేదు, అంతే.

చలికాలమంతా వాళ్ళిద్దరూ రాళ్ళు ఏరారు. చిన్నవి ఆమె తట్టలో మోసింది. పెద్దవాటిని ఆయన గడ్డపారతో దొర్లించి, ఎద్దులకు గొలుసు కట్టి లాగించాడు. ఉగాది నాటికి అరెకరం తేలిందని ఆటో అన్న చెప్పాడు. ఊళ్ళో వాళ్ళు వదిలెయ్యమన్నారట. కూలికి పొమ్మన్నారట. తొలకరికి ఇంకో అరెకరం తేలుస్తానని ఆయన మొండికేశాడట.

ఆ వేసవిలో నంద్యాలలో పది గంటలకే వీధులు ఖాళీ అయిపోయేవి. మా నాయనను నేను వరండాలోకి కూడా రానిచ్చేదాన్ని కాదు. మే నెలలో ఒకరోజు కొండ కింది ఊళ్ళో ఆ పెద్దాయన పొద్దున్నే చేనికి పోయి, మధ్యాహ్నం అన్నం వేళకు రాలేదు. బడి సెలవులు కాబట్టి ఆమె ఇంట్లోనే ఉంది. చూసి రావడానికి పోతే ఒక పెద్ద రాతిగుండు పక్కన, దాని కాసింత నీడలో, ఒరిగి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, మాట రాలేదు. ఊళ్ళోవాళ్ళు మంచం మీద తారు రోడ్డు దాకా మోశారు. ఆళ్లగడ్డ చేరేలోపు పోయాడు.

మూడో రోజు నేను వెళ్ళాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఎవరితోనో చెప్పినట్టు అంది.

"నీళ్ళ చెంబు తీసకపోయినాడు. తాగనేలేదు. నిండుగా అట్లే ఉన్నింది."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె తిరిగి పట్టుకోలేదు, విదిలించుకోలేదు. అలాగే ఉండనిచ్చింది.

ఇప్పుడు నేను ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెబుతున్నాను. పోయిన నవంబరులో బంధువుల ఇంటికి పోయి వస్తూ ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవరో నా జబ్బ తట్టారు. ఆమె. చేతిలో కూరగాయల సంచి. ఎద్దుల్ని అమ్మేసి ఊరు వదిలి వచ్చిందట. ఇక్కడ ఒక హాస్టల్లో వంటకు చేరిందట, అక్కడే ఒక మూల పడుకుంటుందట.

"చేను?" అన్నాను.

"ఉండాది. తేల్చిన అరెకరంలో మల్లా వంక పారింది, ఈ యేడు. గొర్లోళ్ళు తోలుకుంటాండారు. ఏం మేస్తాయో, రాళ్ళలో."

"నువ్వు బాగున్నావా?"

"హాస్టల్లో కుళాయి ఉండాది. తిప్పితే వస్తాది. ఎండాకాలం గూడా వచ్చిందంట, వాళ్ళు చెప్పినారు." సంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆయనకు సూపిచ్చుంటే నమ్మేవాడు కాదు."

నన్ను ఇంకా ఆ పనే చేస్తాండావా అని అడిగింది. లేదన్నాను. మంచిదని గాని, చెడ్డదని గాని అనలేదు. బస్సు వచ్చింది. నేను ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని చూసేసరికి ఆమె అప్పటికే సంచి భుజాన వేసుకుని, ఆటోల మధ్య నుంచి రోడ్డు దాటుతోంది. పిల్లలకు వంట చేసే వేళయినట్టుంది.